తీవ్రోద్రేక స్థితిలో జంటమందుల చికిత్స: వెల్లూరు, రియో ప్రయోగాల పరిశీలన

వ్యాససంగ్రహం:
తీవ్రోద్రేకంతో ఆసుపత్రికి వచ్చిన మానసిక రోగికి మగత కలిగించే మందును, యాంటీసైకోటిక్ మందును కలిపి ఇంజెక్షన్‌గా ఇవ్వడం ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పద్ధతి. ఇది చాలాకాలం వైద్యుల అనుభవం మీదనే నడిచింది. బ్రెజిల్‌లోని రియో డి జనైరోలోను, తమిళనాడులోని వెల్లూరులోను జరిగి, 2003 - 2007 మధ్య ప్రచురితమైన నాలుగు ప్రయోగాలు దీనికి శాస్త్రీయమైన ఆధారాన్ని సమకూర్చాయి. ఆ ప్రయోగాల ఫలితాలను, మందులు పనిచేసే తీరును, వాటిని కలపకూడని సందర్భాలను, తెలుగులో ఈ విషయం చెప్పుకోవడానికి ఉన్న పదజాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తీవ్రోద్రేకం, హాలోపెరిడాల్, ప్రోమెథజైన్, లొరాజెపామ్, మగత, ప్రశాంతత, కల్తీకల్లు, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం.

1. ప్రవేశిక:

రాత్రివేళ నలుగురు బంధువులు చేతులూ కాళ్లూ పట్టుకొని ఒక మనిషిని ఆసుపత్రికి తీసుకొస్తారు. అతడు అరుస్తుంటాడు, కొడతాడు, తన తల గోడకు బాదుకుంటాడు. రోగనిర్ధారణకు అవసరమైన ప్రశ్న ఒక్కటి కూడా అడిగే అవకాశం ఉండదు. నాడి చూడటం, రక్తం తీయడం సాధ్యం కావు. అతని ఉద్రేకానికి మూలం మేనియా కావచ్చు, స్కిజోఫ్రీనియా కావచ్చు, మద్యం కావచ్చు, మద్యం మానేయడం కావచ్చు, మెదడులో రక్తస్రావం కావచ్చు, రక్తంలో చక్కెర పడిపోవడం కూడా కావచ్చు. మూలం తెలియకముందే ఏదో ఒకటి చేయవలసి రావడమే ఈ చికిత్సలోని అసలు చిక్కు.

మందుకు ముందు మాట ఉంది. అమెరికాలోని అత్యవసర మానసిక వైద్యుల సంఘం 2012లో వెలువరించిన మార్గదర్శకాలు రోగితో గౌరవంగా, తగినంత దూరంలో నిలబడి, ఒక్కరే మాట్లాడటాన్ని తొలి చికిత్సగా నిర్దేశించాయి. నోటితో మాత్ర తీసుకోవడానికి రోగి ఒప్పుకుంటే ఇంజెక్షన్ అవసరమే ఉండదు. ఈ రెండూ విఫలమైన తర్వాతి దశ మాత్రమే ఇక్కడ చర్చనీయాంశం.

2. మత్తు, మగత, ప్రశాంతత:

తెలుగు ఆసుపత్రుల వాడుకలో ఈ చికిత్స మొత్తానికి ఒకే పేరు ఉంది: ‘మత్తు సూది’. శస్త్రచికిత్సకు ముందు స్పృహ తప్పించే వైద్యుణ్ణి ‘మత్తు డాక్టరు’ అంటారు. పోలీసులు పట్టుకొనే గంజాయి, హెరాయిన్ కూడా పత్రికల్లో ‘మత్తుపదార్థాలే’. తాగినవాడు మత్తులో ఉంటాడు, నిద్ర సరిగా తీరనివాడూ మత్తుగానే ఉంటాడు. ఒక్క పదం ఇన్ని స్థితులను మోయడం వాడుకభాషకు ఇబ్బంది కాదు గాని, ఈ చికిత్స విషయంలో మాత్రం అది అసలు భేదాన్నే కప్పేస్తుంది.

ఎందుకంటే ఇక్కడ వైద్యుడు ఆశించే ఫలితాలు రెండు. మొదటిది ప్రశాంతత: రోగి మెలకువగానే ఉంటాడు, ఉద్రేకం తగ్గుతుంది, మాట్లాడగలడు, మాట వినగలడు. రెండవది నిద్ర. వైద్యప్రయోగాలు ఈ రెండింటినీ వేర్వేరుగా లెక్కిస్తాయి. ప్రశాంతంగా ఉన్న మనిషిని పరీక్షించవచ్చు, అతని సమ్మతి అడగవచ్చు. నిద్రపోతున్న మనిషిని కేవలం కనిపెట్టి ఉండాలి. నిద్ర కంటే లోతైన మూడవ స్థితి ఒకటుంది. పిలిచినా, గిల్లినా పలకని ఆ స్థితి చికిత్స ఫలితం కాదు, ప్రమాదసూచిక.

ఈ మెట్లను చెప్పడానికి తెలుగులో పదాలకు కొరత లేదు. కునుకు, తూగు, మగత, మైకం, ఒళ్లుతెలియని నిద్ర, స్పృహ తప్పడం - ఇవన్నీ పల్లెల్లో ఇప్పటికీ తేడా తెలిసి వాడే మాటలే. పిలిస్తే పలికేది మగత, పిలిచినా పొంతన లేకుండా పలికేది మైకం అన్న వివేచన సామాన్యుల మాటల్లో వినిపిస్తూనే ఉంటుంది. పారిభాషిక పదకోశాలు సంస్కృత సమాసాల కోసం వెతికే సమయంలో ఈ పదాల వైపు కూడా చూస్తే, నర్సు బంధువును అడగవలసిన ప్రశ్న సులభంగా తయారవుతుంది. ఈ వ్యాసంలో ‘మగతమందు’ అంటే ఆందోళన తగ్గించి మగత కలిగించే మందు అని గ్రహించాలి.

3. జంట పుట్టిన తీరు:

యాంటీసైకోటిక్ మందుల చరిత్ర జంటతోనే, ఇంకా సరిగ్గా చెప్పాలంటే గుంపుతోనే మొదలైంది. ఫ్రాన్స్‌లోని రోన్-పూలెంక్ సంస్థలో పాల్ షార్పాంతియే అనే రసాయన శాస్త్రవేత్త 1940 దశకంలో ప్రోమెథజైన్‌ను, 1950 డిసెంబరులో క్లోర్‌ప్రోమజైన్‌ను తయారుచేశాడు. రెండూ ఫినోథయజీన్ కుదురుకు చెందినవే. మొదటిది ఎలర్జీ మందు. నౌకాదళ శస్త్రవైద్యుడు హెన్రీ లబోరీ వీటిని పెథిడిన్‌తో కలిపి శస్త్రచికిత్సకు ముందు వాడేవాడు. రోగులు నిద్రపోకుండానే చుట్టుపక్కల జరిగేదాని పట్ల నిర్లిప్తంగా ఉండటం ఆయన గమనించాడు. 1952 జనవరిలో ప్యారిస్‌లోని వాల్-ద-గ్రాస్ సైనిక ఆసుపత్రిలో మేనియాతో ఉన్న ఒక యువకునికి తొలిసారి క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చినప్పుడు కూడా దానితోపాటు పెథిడిన్, బార్బిట్యురేట్, విద్యుత్ చికిత్స కలిసే ఉన్నాయి. అదే ఏడాది సెంటాన్ ఆసుపత్రిలో జాన్ దెలే, పియర్ దెనికర్ ఆ మందును ఒంటరిగా ఇచ్చి చూశారు. మనోవైద్యచరిత్రలో వారి పేర్లు నిలిచింది అందుకే. కలిపి ఇచ్చినప్పుడు ఏ మందు ఏ పని చేసిందో ఎవరూ చెప్పలేరు.

1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ పరిశోధనశాల నుండి హాలోపెరిడాల్ వచ్చింది. 1960లో లిబ్రియం విపణిలోకి రావడంతో బెంజోడయజెపీన్‌ల కాలం మొదలైంది. డయజెపామ్, లొరాజెపామ్, మిడజోలామ్ ఆ కుటుంబంలోనివి. అప్పటి నుండి వైద్యులు ఈ రెండు కుటుంబాల నుండి ఒక్కొక్క మందు తీసి కలపడం మొదలుపెట్టారు. ఏ జత మంచిదన్నది ఆయా దేశాల అలవాటును బట్టి, ఆసుపత్రి బీరువాలో ఏముందన్న దాన్ని బట్టి సాగిపోయింది. ఇండియాలోను, బ్రెజిల్‌లోను హాలోపెరిడాల్‌కు ప్రోమెథజైన్ తోడైంది. అమెరికాలో లొరాజెపామ్ తోడైంది. ప్రయాణంలో వాంతులకు, దురదలకు ‘ఫెనర్గన్’ పేరుతో మనకు పరిచయమైన మందే ఈ ప్రోమెథజైన్.

4. శరీరంలో జరిగే పని:

హాలోపెరిడాల్ మెదడులో డోపమీన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. భ్రాంతులు, అనుమానాలు తగ్గడానికి రోజులు, వారాలు పట్టినా, ఉద్రేకం మాత్రం ఇంజెక్షన్ చేసిన అరగంట ప్రాంతంలో తగ్గుముఖం పడుతుంది. అయితే కదలికలను అదుపు చేసే స్ట్రయేటమ్ అనే భాగంలో డోపమీన్‌కు, అసిటైల్‌కోలీన్‌కు మధ్య ఒక తూకం ఉంటుంది. డోపమీన్ పని ఆగితే అసిటైల్‌కోలీన్ పైచేయి అవుతుంది. అప్పుడు మెడ ఒకవైపు మెలిదిరుగుతుంది, కళ్లు పైకి వెళ్లి నిలిచిపోతాయి, దవడ బిగుసుకుంటుంది, నాలుక మొద్దుబారినట్లవుతుంది. దీనిని అక్యూట్ డిస్టోనియా అంటారు. యువకులలో ఎక్కువ. స్పృహ తప్పకుండానే ఇదంతా జరుగుతుంది కనుక రోగికి అది భయానకమైన అనుభవం. చూసేవారు ఫిట్స్ అనుకొనే అవకాశం ఎక్కువ.

ప్రోమెథజైన్ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. హిస్టమిన్‌ను అడ్డుకొని మగత కలిగిస్తుంది. అసిటైల్‌కోలీన్‌ను కూడా అడ్డుకొని, హాలోపెరిడాల్ చెడగొట్టిన తూకాన్ని సరిచేస్తుంది. అంటే ఈ జతలో రెండవ మందు మొదటిదానికి బలం చేకూర్చడంతోపాటు దాని దోషానికి విరుగుడుగా కూడా పనిచేస్తుంది. ఈ జతలోని ప్రత్యేకత ఇదే.

బెంజోడయజెపీన్‌ల దారి వేరు. మెదడులో సహజంగా నెమ్మది కలిగించే గాబా అనే రసాయనం ప్రభావాన్ని అవి పెంచుతాయి. మెడ మెలితిరగడం వంటి సమస్యలు తేవు. మోతాదు మించితే ఫ్లుమజెనిల్ అనే విరుగుడు ఉంది. కాని శ్వాసను తగ్గించడం వీటి ప్రధాన దోషం. మద్యం తాగి ఉన్నవారిలో అది మరింత ప్రమాదం. ఆచరణలో ఇంకో చిన్న చిక్కు ఉంది. లొరాజెపామ్ ఇంజెక్షన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి. కరెంటు నిలకడగా లేని చిన్న ఆసుపత్రిలో ఈ ఒక్క కారణంతోనే ఎంపిక మారిపోవచ్చు. డయజెపామ్‌ను కండరంలోకి ఇస్తే అది రక్తంలోకి చేరే వేగం నిలకడగా ఉండదు కనుక, సులభంగా దొరికే మందు అయినా అత్యవసరంలో ఆ మార్గాన దానికి ప్రాధాన్యం లేదు.

5. రియో, వెల్లూరు ప్రయోగాలు:

ఈ నాలుగు ప్రయోగాలను కలిపి ‘ట్రెక్’ అని పిలుస్తారు. కొక్రేన్ స్కిజోఫ్రీనియా బృందానికి చెందిన క్లైవ్ ఆడమ్స్, బ్రెజిల్‌లో గిసెలె హుఫ్, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో ప్రతాప్ తార్యన్ వంటివారు వీటికి ముఖ్యులు. చిత్తూరు జిల్లాకు ఆనుకొని ఉన్న ఆ ఆసుపత్రి రాయలసీమ కుటుంబాలకు చిరపరిచితమైనది. ఔషధ సంస్థలు కొత్త మందుల మీద చేసే ప్రయోగాలలో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టగలిగినంత నెమ్మదిగా ఉన్న రోగులే ఎక్కువగా ఉంటారు. ట్రెక్ ప్రయోగాలు అలా కాక నిజమైన అత్యవసర విభాగాల్లో, నిజమైన ఉద్రేకంతో వచ్చినవారి మీద, అప్పటికే వాడుకలో ఉన్న చౌక మందులతో జరిగాయి. వాటి విలువ అందులోనే ఉంది.

2003లో ప్రచురితమైన తొలి రియో ప్రయోగంలో 301 మంది రోగులు ఉన్నారు. కొందరికి మిడజోలామ్, మిగిలినవారికి హాలోపెరిడాల్, ప్రోమెథజైన్ జత ఇచ్చారు. 20 నిమిషాలకు మిడజోలామ్ పొందినవారిలో 89 శాతం మంది ప్రశాంతంగా గాని నిద్రలో గాని ఉన్నారు. జత పొందినవారిలో అది 67 శాతం. సమయం గడిచేకొద్దీ తేడా తగ్గింది. మిడజోలామ్ వర్గంలో ఒకరికి కొంతసేపు శ్వాస మందగించింది. జంటమందుల వర్గంలో ఒకరికి ఫిట్స్ వచ్చాయి. ఒంటరి మందు కంటే జంట ఎప్పుడూ వేగంగా పనిచేస్తుందన్న సామాన్య నమ్మకాన్ని ఈ ఫలితం నిలవనివ్వదు.

2004లో వచ్చిన వెల్లూరు ప్రయోగంలో 200 మంది ఉన్నారు. ఇక్కడ పోలిక లొరాజెపామ్‌తో. నాలుగు గంటల తర్వాత చూస్తే రెండు వర్గాల్లోనూ 96 శాతం మంది ప్రశాంతంగా గాని నిద్రలో గాని ఉన్నారు. పైకి చూస్తే రెండూ సమానమే. కాని నిద్రపోయినవారిని వేరుగా లెక్కిస్తే జంట వర్గంలో 76 శాతం, లొరాజెపామ్ వర్గంలో 45 శాతం. మొదటి రెండు గంటల్లో జంటమందుల ప్రభావం త్వరగా కనిపించింది. ‘మత్తు’ అన్న ఒక్క మాటతో ఈ ఫలితాన్ని తెలుగులో చెప్పబోతే సగం అర్థం జారిపోతుంది. 96 శాతం అన్న అంకె ప్రశాంతతను, నిద్రను కలిపి చెబుతుంది. 76, 45 అన్న అంకెలు వాటిని విడదీస్తాయి. మందు ఎంపిక ఆ విడదీతను బట్టే మారుతుంది. ఒకే నర్సు ముప్పైమందిని చూసుకొనే వార్డులో నిద్ర వరంగా కనిపించవచ్చు. తలకు దెబ్బ తగిలిందేమోనన్న అనుమానం ఉన్న రోగి విషయంలో అదే నిద్ర వైద్యుని కళ్లకు గంతలు కడుతుంది.

2007లో రెండు ఫలితాలు వెలువడ్డాయి. వెల్లూరులో 300 మందితో, అప్పటికి కొత్తదైన ఓలాంజపీన్ ఇంజెక్షన్‌ను పాత జంటతో పోల్చారు. 15 నిమిషాలకు ఓలాంజపీన్ వర్గంలో 87 శాతం, జంట వర్గంలో 91 శాతం నెమ్మదించారు. తేడా లెక్కకు రానిది. కాని తర్వాతి నాలుగు గంటల్లో మళ్లీ మందు ఇవ్వవలసి వచ్చినవారు ఓలాంజపీన్ వర్గంలో 43 శాతం, జంట వర్గంలో 21 శాతం. ఖరీదైన కొత్త మందు చౌకైన పాత జంటను దాటలేకపోయింది.

రియోలో జరిగిన రెండవ ప్రయోగం వీటిలో అత్యంత ముఖ్యమైనది. 316 మందితో, హాలోపెరిడాల్‌ను ఒంటరిగాను, ప్రోమెథజైన్‌తో కలిపీ ఇచ్చి చూశారు. 20 నిమిషాలకు జంట వర్గంలో 72 శాతం, ఒంటరి వర్గంలో 55 శాతం నెమ్మదించారు. అక్యూట్ డిస్టోనియా 10 మందికి వచ్చింది. ఆ పదిమందీ హాలోపెరిడాల్ ఒంటరిగా పొందినవారే. తోడుమందు ఇచ్చిన వర్గంలో ఒక్కరికీ రాలేదు. ఒంటరిగా ఇచ్చిన వర్గంలో సుమారు నూటికి ఆరుగురు ఆ బాధ పడ్డారన్నమాట. ఈ విషయం తెలిసిన తర్వాత, తోడుమందు చేతిలో ఉండగా ఉద్రేకంలో ఉన్న మనిషికి హాలోపెరిడాల్ ఒక్కటే ఇవ్వడం సమర్థించుకోలేని పని. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు రెండు మార్గాలనే సూచించాయి: లొరాజెపామ్ ఒక్కటే, లేదా హాలోపెరిడాల్, ప్రోమెథజైన్ జత. రోగి పూర్వచరిత్ర తెలియకపోయినా, గుండెజబ్బు ఉన్నా, ఈసీజీ తీయలేకపోయినా, గతంలో యాంటీసైకోటిక్ మందులు వాడి ఉండకపోయినా లొరాజెపామ్ వైపే మొగ్గమంది. హాలోపెరిడాల్ గుండె లయను చెడగొట్టగలదన్నది ఈ జాగ్రత్తకు ఒక కారణం.

6. అమెరికా జత:

అమెరికాలో హాలోపెరిడాల్, లొరాజెపామ్ జతకు ఆధారంగా ఎక్కువగా చూపేది 1997లో ప్రచురితమైన బటాలియా బృందం అధ్యయనం. ఐదు ఆసుపత్రుల్లో 98 మందికి లొరాజెపామ్ 2 మిల్లీగ్రాములు, హాలోపెరిడాల్ 5 మిల్లీగ్రాములు, లేదా రెండూ కలిపి ఇచ్చారు. మూడు వర్గాలూ మెరుగుపడ్డాయి. మొదటి గంటలో మాత్రం జంటమందులది పైచేయి. దీనికి డైఫెన్‌హైడ్రమిన్ 50 మిల్లీగ్రాములు కూడా చేర్చిన మిశ్రమాన్ని అక్కడి వైద్యులు ‘బీ-52’ అంటారు. మన ఇళ్లలో దగ్గుమందుగా తెలిసిన ‘బెనడ్రిల్’ పేరులోని తొలి అక్షరం, 5, 2 అన్న మోతాదులు కలిసి ఆ పేరు వచ్చింది. అది బాంబులు వేసే విమానం పేరు కూడా కావడం వైద్యుల హాస్యం. ఆ విమానం కింద పడుకున్న రోగికి ఆ హాస్యం ఎలా వినిపిస్తుందన్నది ఆలోచించదగిన విషయం.

7. కలపకూడని సందర్భాలు:

కండరంలోకి ఇచ్చే ఓలాంజపీన్‌తో పాటు బెంజోడయజెపీన్ ఇంజెక్షన్ వెంటనే ఇవ్వకూడదు. రక్తపోటు పడిపోయి, శ్వాస మందగించి మరణాలు సంభవించినట్లు నివేదికలు రావడంతో, రెండింటి మధ్య కనీసం గంట ఎడం ఉండాలని ఐరోపా నియమం వచ్చింది. ఒక మగతమందు, ఒక యాంటీసైకోటిక్ అన్న సూత్రం అన్ని జతలకూ వర్తించదని ఇది తెలుపుతుంది. వృద్ధులలో జ్వరం వల్లనో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్లనో వచ్చే మతిభ్రమలో ప్రోమెథజైన్ వంటి మందులు గందరగోళాన్ని పెంచుతాయి. అక్కడ చికిత్స చేయవలసింది ఇన్‌ఫెక్షన్‌కు. ప్రోమెథజైన్‌ను లోతైన కండరంలోకే ఇవ్వాలి. పొరపాటున ధమనిలోకి వెళితే కణజాలం చచ్చిపోయి, అవయవం తొలగించవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో దీనిపై అత్యంత తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది.

మద్యం మానేసిన రెండు మూడు రోజులకు వచ్చే వణుకు, చెమటలు, లేనిపోనివి కనిపించడం, ఉద్రేకం - వీటికి బెంజోడయజెపీన్‌లే ప్రధాన చికిత్స. యాంటీసైకోటిక్ మందు ఒక్కటే ఇస్తే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. కాని మద్యం ఇంకా ఒంట్లో ఉండి ఉద్రేకపడుతున్నవారికి బెంజోడయజెపీన్ ఇస్తే శ్వాసకు ముప్పు. ‘తాగుడు మనిషి’ అన్న ఒక్క మాట ఈ రెండింటిలో ఏదో చెప్పదు. చివరిసారి ఎప్పుడు తాగాడన్న ప్రశ్నకు బంధువు ఇచ్చే జవాబు మీద మందు ఎంపిక ఆధారపడి ఉంటుంది.

ఈ విషయం తెలంగాణకు 2015 సెప్టెంబరులో తీవ్రంగా అనుభవంలోకి వచ్చింది. కల్లులో ఆల్‌ప్రజోలామ్, డయజెపామ్ వంటివి, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం అక్కడ ఏళ్లుగా సాగుతోంది. ప్రభుత్వం కల్తీపై ఒక్కసారిగా దాడులు జరపడంతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో రోజూ కల్లు తాగేవారు అర్ధాంతరంగా ఆ మందులకు దూరమయ్యారు. పిచ్చిపట్టినట్లు ప్రవర్తించడం, ఫిట్స్, తమలో తాము మాట్లాడుకోవడం వంటి లక్షణాలతో వందలాది మంది ఆసుపత్రులకు చేరారు. బయటికి సైకోసిస్‌లా కనిపించిన ఆ స్థితికి మూలం బెంజోడయజెపీన్ ఆగిపోవడం. కనుక చికిత్స కూడా అదే కుటుంబపు మందును ఇచ్చి, క్రమంగా తగ్గించడం. తాగింది కేవలం కల్లే అనుకొనే రోగి తాను మాత్రలకు అలవాటుపడ్డానని చెప్పలేడు, ఎందుకంటే ఆ సంగతి అతనికే తెలియదు. ఆ జిల్లాల నుండి వచ్చిన ఉద్రేక రోగిని ‘కల్లు ఎప్పుడు మానేశాడు?’ అని అడగడం ఏ రక్తపరీక్షకూ తీసిపోని పరీక్ష.

8. సమ్మతి, చట్టం, భాష:

2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 94వ సెక్షన్ అత్యవసర చికిత్సను అనుమతిస్తుంది. ప్రాణహాని, ఆరోగ్యానికి కోలుకోలేని హాని, తనకో ఇతరులకో తీవ్రమైన గాయం, ఆస్తికి భారీనష్టం - వీటిని నివారించడానికి ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా చికిత్స చేయవచ్చు. రోగి నామినేట్ చేసిన ప్రతినిధి అందుబాటులో ఉంటే అతని సమ్మతి కావాలి. ఈ వెసులుబాటు సాధారణంగా 72 గంటలకే. 97వ సెక్షన్ శారీరక నిర్బంధాన్ని శిక్షగా వాడకూడదని, సిబ్బంది తక్కువగా ఉన్నారన్న కారణంతో వాడకూడదని స్పష్టంగా చెబుతుంది. మందుతో నిర్బంధించడాన్ని గురించి మాత్రం ఆ సెక్షన్ అంత వివరంగా మాట్లాడదు. తాడు కట్టడానికి లెక్క అడిగే చట్టం సూది మందు మోతాదును వైద్యుని విచక్షణకు వదిలేసింది. వార్డులో మనుషులు తక్కువైనప్పుడు ఆ విచక్షణ మీద ఒత్తిడి ఎటు పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇంజెక్షన్ తర్వాత శ్వాస, నాడి, రక్తపోటు, స్పృహ గమనించాలి. నైస్ సూచన ప్రకారం కనీసం గంటకొకసారి చూడాలి. రోగి నిద్రలో ఉంటే, మద్యం తాగి ఉంటే, గరిష్ఠ మోతాదు దాటితే 15 నిమిషాలకొకసారి చూడాలి. మన ఆసుపత్రుల్లో మంచం పక్కన కూర్చొనేది తల్లో, భార్యో, తమ్ముడో. రోగి మగతలో ఉన్నాడా, మైకంలో ఉన్నాడా అన్నది మొదట తెలిసేది వారికే. ‘మత్తు ఇచ్చాం, పడుకుంటాడు’ అని చెప్పి వెళ్లిపోతే, గురక ఆగి ఊపిరి తగ్గుతున్నప్పుడు కూడా వారు అది మత్తే అనుకుంటారు. ‘పిలిస్తే పలకాలి, పలకకపోతే వెంటనే పిలవండి’ అన్న రెండు ముక్కలు వారిని కాపలాదారులను చేస్తాయి.

డిస్టోనియా ఇంజెక్షన్ రోజునే రావాలని లేదు. హాలోపెరిడాల్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఎప్పుడైనా, రోగి ఇంటికి చేరిన తర్వాత కూడా రావచ్చు. మెడ తిరిగిపోయిన కొడుకును చూసిన తల్లిదండ్రులు దానిని జబ్బు ముదరడంగానో, ఫిట్స్‌గానో, గాలి సోకడంగానో భావించి అసలు మందే మాన్పించే ప్రమాదం ఉంది. నిజానికి దానికి విరుగుడు ఒక ప్రోమెథజైన్ ఇంజెక్షన్ లేదా ట్రైహెక్సిఫెనిడిల్ మాత్ర, అది కూడా దగ్గరలోని ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఇవ్వదగినది. డిశ్చార్జి కాగితం మీద మందు పేరు, మోతాదు ఇంగ్లీషులో ఉంటాయి. ‘మెడ మెలిదిరిగినా, కళ్లు పైకి నిలిచిపోయినా ఇది మందు వల్ల వచ్చింది, భయపడకుండా ఈ కాగితం తీసుకొని దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి’ అన్న తెలుగు వాక్యం దాని కింద ఒక గీతలో పడుతుంది.